ఉల్లిగడ్డలకు బోల్టులు

"కొడుకా, ఆ పాత బోల్టులు నాకియ్యి. ఉల్లిగడ్డలు పోస్త."

సదానందం జీపు కింద నుంచి తల బయటపెట్టాడు. పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే ముసలమ్మ రామి. ఘనపూర్‌లో అతను ఎవరి ఇంజను విప్పినా ఎలా పసిగడుతుందో, గంపతో షెడ్డు ముందు వాలిపోతుంది.

"గవి తుక్కు కాదవ్వా. మళ్ల ఇంజన్ల ఎక్కేటివే."

"కొత్తయి తెచ్చుకోరాదు?"

ఇంజను లోపలి బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయని, విప్పితే మళ్లీ వాడకూడదని సదానందానికి తెలియక కాదు. కొత్తవాటికి హన్మకొండ దాకా పోవాలి. నడుము పడిపోయింది. తెలిసినవన్నీ చేసే ఓపిక ఎక్కడిది? అవతల జీపు యజమాని బాలు, మిరప తోటలకు కూలీలను తోలాలని ప్రాణం తోడేస్తున్నాడు.

"పాతయే ఎయ్యబట్టి ఎన్నేండ్లాయె! ఎవడన్న సచ్చిండా?" అని కసిరాడు.

రామి కొంగుతో ముఖం తుడుచుకుంది.

అతను చేతులు కడుక్కొని వచ్చేసరికి బోల్టులు లేవు. వాటి చోట ఉల్లిగడ్డల కుప్ప ఉంది.

"దొంగ ముసల్ది!"

తిట్టుకుంటూనే బస్సెక్కి కొత్తవి తెచ్చాడు. బిగించి, అలవాటు ప్రకారం ఒక్కోదాని తల మీద పసుపు రంగు చుక్క పెట్టాడు. అది అతని చేతి గుర్తు. బాలు జీపు కూలీలతో నిక్షేపంగా తిరిగింది.

ఆ తర్వాత రామిని షెడ్డులో అడుగు పెట్టనివ్వలేదు. ఆమె రోడ్డవతల ఎండలోనే గంప దించుకుని కూర్చునేది. అడుగుతూనే ఉండేది. పోరు పడలేక ఇచ్చేసేవాడు. ఇచ్చాక కొత్తవి తేక తప్పేది కాదు.

ఎండలు ముదిరాక ఆమె రావడం మానేసింది. పీడ విరగడైందనుకున్నాడు సదానందం.

ఒక పొద్దున ఎవరో ఆడమనిషి బరువైన గోనె మూట తెచ్చి షెడ్డులో దించింది.

"నేను గంగినన్నా, రామి కోడలిని. అత్త మొన్న పోయింది. గిది నీకే ఇయ్యమన్నది."

విప్పి చూశాడు. ఇన్నాళ్లూ ఆమె పట్టుకుపోయిన బోల్టులు. ఒక్కటీ అమ్మలేదు. ఏదీ మళ్లీ ఏ ఇంజనుకూ పట్టకుండా, మరలన్నీ సుత్తెతో నలగ్గొట్టి ఉన్నాయి.

"ఏందమ్మా గిదంత?"

గంగి మూట అడుగు నుంచి చిన్న గుడ్డ ముడి తీసి విప్పింది. అందులో సగానికి తెగిన బోల్టు ఉంది.

"మా ఆయన జీపుది. మానుకోట దిక్కు కిరాయికి పోయిండు. గుట్ట దిగుతుంటే ఇంజను పట్టేసి జీపు బోల్తా పడ్డది. ఆయన పానం పోయింది. తాగి నడిపిండని అందరన్నరు. ఇంజను విప్పి సూస్తే గిది తెగి ఉన్నది. గప్పటిసంది అత్త గంప ఎత్తుకున్నది."

బండ్లు గుర్తుంటాయి గాని, మనుషులు ఎక్కడ గుర్తుంటారు సదానందానికి? బోల్టును వెలుతురులోకి తిప్పి చూశాడు. తల మీద పసుపు చుక్క. పక్కనే, కాస్త వెలిసిపోయి, ఇంకో పసుపు చుక్క. రెండుసార్లూ బిగించింది తనే.

"ఎవడన్న సచ్చిండా?" అని ఆ రోజు తను కసిరింది, ఆ చచ్చినవాడి తల్లినే.