షట్టరు కింది మనిషి

"ఇంట్లో నిద్ర బాగా పడుతోందా తల్లీ?"

భవనానికి ఎదురుగా, రోడ్డు అవతల మూతపడ్డ కొట్టు షట్టరు కింద కూర్చున్న ముసలాయన అడిగాడు.

బడిసంచి తగిలించుకుని రోడ్డు దాటిన పాప ఆగి నవ్వింది.

వెనకాలే మెట్లు దిగుతున్న తల్లికి ఒళ్లు మండింది. రోడ్డు దాటి వచ్చి పాప చెయ్యి పట్టుకుని లాగింది.

"నా పిల్లతో నీకేం మాటలు?"

"ఊరికే అడిగానమ్మా."

"ఊరికే ఎవరూ ఏదీ అడగరు."

"రంగుల తాత మంచోడే అమ్మా!" అంది పాప.

ఆయన చొక్కా నిండా, గోళ్ల సందుల్లో రంగు మరకలు. అందుకే పాప ఆ పేరు పెట్టింది. వీధి చివర కొత్తగా కడుతున్న కొట్లకు రంగులేసే పని ఆయనది. పగలంతా నిచ్చెన మీద, పొద్దుగూకితే షట్టరు కింద.

పాపను బడిలో దింపి ఆమె కుట్టు కార్ఖానాకు పరుగెత్తింది. మిషను ముందు కూర్చుందే గానీ మనసు కుదరలేదు. కాలరు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టింది.

ఆమె భయం ఆమెది.

నిన్నమొన్నటి దాకా తల్లీకూతుళ్లిద్దరూ వంతెన కింద పడుకున్నవాళ్లే. ఒక సంస్థ వాళ్లు తీసుకెళ్లి కుట్టుపని నేర్పారు. కార్ఖానాలో పని చూపించారు. చివరికి, ఎవరూ ఖాళీ చేయమనలేని ఈ ఒంటిగది ఇల్లు ఇప్పించారు.

ఆ సంగతి ఈ భవనంలో ఎవరికీ తెలియదు. ఊరందరి బట్టలతో పాటు తన నోరూ కుట్టేసుకుంది.

సాయంత్రం మెట్ల దగ్గర పై అంతస్తు ఆవిడ ఆపింది.

"ఆ ముసలాణ్ణి చూశావా అమ్మాయ్? పొద్దస్తమానం మన కిటికీల వంకే చూస్తాడు. నీ కిటికీ వైపైతే మరీనూ!"

"చూశానండీ."

"రోడ్డు మీద బతికేవాళ్ల సంగతి నీకు తెలీదు. ఒకడికి చోటిచ్చామా, పదిమంది దిగుతారు."

ఆమె నోటిదాకా ఒక మాట వచ్చింది. మింగేసింది.

"అవునండీ, పంపించేయాల్సిందే."

అక్కడితో ఊరుకోలేదు. తనే వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని రోడ్డు దాటింది.

"లే! ఇక్కడ పడుకోవడానికి లేదు."

ముసలాయన తలెత్తాడు. "ఎవరికీ అడ్డం లేనుగా అమ్మా?"

"పని చేసుకుంటున్నావుగా, గది చూసుకోకూడదూ? పని నేర్పి, ఇల్లు ఇప్పించేవాళ్లు కూడా ఉన్నారు. వెళ్లి అడగొచ్చుగా?"

"అడిగానమ్మా. ఈ పని వాళ్లు నేర్పిందే. అంతకుముందు నాకు బ్రష్షు పట్టుకోవడం కూడా రాదు."

"మరి ఇల్లో?"

"వస్తుందిలే. వరసలో ఉన్నా."

"అంతా అబద్ధం! వాళ్లు వెంటపడి మరీ ఇల్లు ఇప్పిస్తారు. నువ్వే ఏదో చేసి పోగొట్టుకుని ఉంటావు."

ముసలాయన నవ్వాడు. "అదీ నిజమేలే."

వాచ్‌మన్ ఆమె వంక వింతగా చూశాడు. "ఇవన్నీ నీకెలా తెలుసు చెల్లెమ్మా?"

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఎక్కడో విన్నాలే అన్నా!" అని ఆ గాభరానంతా ముసలాయన మీదకు మళ్లించింది. "లేస్తావా, పోలీసుల్ని పిలవమంటావా?"

ఆయన దుప్పటి చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"వద్దులేమ్మా. పాప బెదురుతుంది" అని మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ముసురు పట్టింది. షట్టరు కింద ఖాళీ. ఆమె హమ్మయ్య అనుకుంది.

"ఇంత వానలో తాత ఎక్కడ పడుకుంటాడమ్మా?" అంది పాప.

"ఎక్కడో అక్కడ. అన్నం తిను ముందు."

వాన కాస్త తెరిపిచ్చిన రోజు సంస్థ మేడమ్ వచ్చి తలుపు తట్టింది.

ఆవిడను చూసి ఆమె తలుపు సగమే తెరిచింది.

"ఇల్లు ఖాళీ చేయాలా మేడమ్?"

"ఛ, అదేం మాట! నువ్వొకసారి నాతో ఆసుపత్రికి రావాలి. మీ ఎదురు షట్టరు కింద పడుకునే పెయింటర్ తాతయ్య లేడూ, బస్టాండు బయట తడుస్తూ పడి ఉంటే ఎవరో చేర్పించారట. ఈ పొద్దున పోయాడు."

ఆమె తలుపు పట్టుకుంది.

"పోయాడా?"

"ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందన్నారు. పిచ్చి మనిషి! షట్టరు కింద జల్లు కూడా పడదు అనేవాడు. అది వదిలేసి అంతదూరం ఎందుకెళ్లాడో! త్వరలోనే ఆయనకూ ఇల్లు ఇద్దామనుకుంటున్నాం."

ఆమె ఎదురు షట్టరు వైపు చూడబోయి తల దించేసుకుంది.

"నా అన్నవాళ్లు ఎవరూ లేరు ఆయనకి. సాగనంపడానికి ఒక్కరైనా ఉండాలి కదమ్మా. నువ్వు రా."

"నేనా? నాకూ ఆయనకీ ఏం సంబంధం మేడమ్?"

మేడమ్ గదిలోకి చూసింది. పాప చాప మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటోంది.

"నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. మనిషే పోయాక ఇంకా దాచి ఏం లాభం?" అంది మేడమ్ మెల్లగా. "ఈ ఇల్లు ముందు వచ్చింది ఆయనకేనమ్మా. ఆ రోజు మా వరండాలో జ్వరంతో కాలిపోతున్న పిల్లను ఎత్తుకుని నువ్వు నిలబడి ఉంటే చూసి, 'నాదేముంది, ముందు వాళ్లకివ్వండి' అని పక్కకు తప్పుకున్నాడు."