రెండు మైకుల పెట్టె

"బుస వస్తోంది నాయనా," అంటూ అమ్మమ్మ హెడ్‌ఫోన్లు తీసి కౌంటర్ మీద పెట్టింది. "పొదలో పాము దాక్కున్నట్టుంది. ఇది వద్దు."

మైకులోని గొంతును కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె అది. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారట. కొట్టులో అన్నిటికన్నా చవక.

"ఈ ధరకి ఆ మాత్రం బుస ఉంటుంది పెద్దమ్మా. ఇంట్లో వాడుకోడానికేగా?" అన్నాడు కొట్టతను.

"గురువారం గొంతుకి ఆపరేషన్. గడ్డ తీస్తారు. ఆ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నాడు డాక్టరు." అమ్మమ్మ చేతిసంచి పట్టీని వేలికి బిగించి చుట్టుకుంది. "ఈ మూడు రోజుల్లోనే ఆ గొంతు పట్టిపెట్టుకోవాలి. రేపు మాకు మిగిలేది బుసేనా?"

కొట్టతను వెంటనే మరో పెట్టె తెచ్చాడు. "దీనికి బుస లేదు. మైకు మాత్రం ఒక్కటే పడుతుంది. మీ ఒక్కరికి చాలదూ?"

"చాలదు నాయనా. కథ చెప్పేవాళ్ళకొకటి, ఊ కొట్టేవాళ్ళకొకటి. ఊ లేనిదే మా ఇంట్లో కథ అడుగు ముందుకెయ్యదు."

పక్కనున్న పదకొండేళ్ళ మనవరాలు ఒక కాగితం అతని ముందుకు జరిపింది. రెండు మైకుల పెట్టె పేరు రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది.

"నోరు విప్పకుండానే బేరం తేల్చేసిందే," అని నవ్వాడతను. "ఇది కాస్త ధర ఎక్కువ. పైన గీత పడ్డ పెట్టె ఒకటుంది, తగ్గించి ఇస్తాను. మాటలన్నీ మీకే వదిలేసిందా ఏంటి?"

"దాని వంతూ నేనే వాగుతానులే." అమ్మమ్మ నవ్వబోయి, ముఖం తిప్పుకుని సంచిలో డబ్బు వెతికింది.

"ధైర్యంగా ఉండండి పెద్దమ్మా. మీ కథలు మనవరాలి దగ్గర భద్రంగా ఉంటాయి."

అమ్మమ్మ డబ్బు కౌంటర్ మీద పెట్టింది. పెట్టెను రెండు చేతులా గుండెకు హత్తుకుని బయటపడింది.

ఇంటికొచ్చి కిటికీలు మూశారు. ఫ్యాను ఆపారు. గోడ గడియారాన్ని తీసుకెళ్ళి పక్కగదిలో పరుపు కింద దాచారు. బల్ల మీద మైకులు రెండూ ఎదురెదురుగా నిలబెట్టాక పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. అయినా ఎవరూ పెదవి కదపలేదు. మొదలుపెడితే అయిపోవడం కూడా మొదలవుతుందని ఇద్దరికీ భయం.

చివరికి అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, తన మైకు దగ్గరికి వంగి "ఊ" అంది.

గురువారం కత్తి పడబోయే ఆ బొంగురుపోయిన గొంతుతో మనవరాలు కథ మొదలుపెట్టింది.