ముందర పరిగెత్తే పిల్ల

"పక్కకు జరుగు మే" అంది భవాని రొప్పుతూ.

ముందర పరిగెత్తుతున్న పిల్ల జరగలేదు. వెనక్కి తిరిగి చూడనూ లేదు.

భవానికి ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్ల పేరేమిటో భవాని అడగలేదు. పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సు దిగి నంద్యాల గ్రౌండుకు వస్తుందని మాత్రం తెలుసు. వచ్చీరాగానే సరిగ్గా భవాని ముందరే మొదలుపెడుతుంది. అంత పెద్ద గ్రౌండులో ఆమెకు ఇంకెక్కడా చోటు దొరకనట్టు.

భవానిది గోస్పాడు. పోలీసు ఉద్యోగానికి పెట్టే పదహారు వందల మీటర్ల పరుగులో పోయినసారి కొద్దిలో తప్పింది. ఈసారి కూడా తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ రాసే వీలుండదు. అందుకే మిలిటరీలో పనిచేసి వచ్చిన ఇస్సాకు సార్ దగ్గర తర్ఫీదుకు చేరింది.

ఆయనదొక వింత పద్ధతి. స్టాప్‌వాచి నొక్కుతాడు, చూసుకుంటాడు, జేబులో వేసుకుంటాడు. ఎంతలో పరిగెత్తారో ఎవరికీ చెప్పడు.

"టైమెంత సార్?"

"టైముతో నీకేం పని? ముందరున్న పిల్లను పట్టుకో పో."

ఆ మాట వింటే చాలు, భవానికి కారం రాసినట్టుండేది. మొన్నటిదాకా సార్ కళ్లన్నీ తన మీదే ఉండేవి. ఇప్పుడు నోరు తెరిస్తే ముందరున్న పిల్ల.

పోనీ ఆ పిల్లకు ఆయాసమైనా వస్తుందా అంటే, రాదు. భవాని మోకాళ్లు పట్టుకుని వంగిపోతే, నింపాదిగా నీళ్ల సీసా పట్టుకుని వచ్చేది. అది మరీ మంట.

"తాగక్కా."

"నీ నీళ్లు నువ్వే తాగు."

నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే భవానికి రాత్రి అన్నం సయించేది కాదు.

"ఎవుర్తిమే అది? కంచం ముందర కూచోని గూడా దాన్నే తిడతాండావు" అంది తల్లి గోవిందమ్మ.

"నా ఉద్యోగం తినేదానికొచ్చింది మా."

భవాని వేగం పెంచితే ఆ పిల్లా పెంచేది. భవాని నీరసపడితే ఆ పిల్లా తగ్గించేది. అందినట్టే అంది, మళ్లీ జారిపోయేది. కావాలనే ఉడికిస్తోందని భవాని తేల్చుకుంది.

పరుగు పరీక్ష దగ్గర పడింది.

ఆ రోజు గ్రౌండు అవతలి మలుపులో, కానుగచెట్లు సార్‌కు అడ్డం వచ్చేచోట, భవాని ఎట్లాగో ఆ పిల్ల భుజం పక్కకు చేరింది. ఇన్నాళ్ల కడుపుమంటంతా మోచేతిలోకి దిగింది.

ఒక్క పోటు పొడిచింది.

ఆ పిల్ల కాలు మడతబడి కంకర మీద పడింది.

భవాని ఆగబోయింది.

ఆ పిల్ల చీలమండ గట్టిగా పట్టుకుని తలెత్తింది. "నిలబడాకక్కా. ఆగకుండా ఇట్లే ఉరుకు."

ఇంతయినా పొగరు తగ్గలేదే అనుకుంది భవాని. వెనక్కి చూడకుండా పరిగెత్తింది. ముందర ఎవరూ లేని దారి ఎంతో హాయిగా అనిపించింది.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. పీడ వదిలిందనుకుంది భవాని.

కర్నూలులో పరుగు పరీక్ష జరిగిన రోజు, వరసలో నిలబడ్డ ఆడపిల్లలందరి మొహాలూ వెతికి చూసింది. ఆ పిల్ల లేదు. అయినా పరుగు మొదలయ్యాక ఆ వీపే కళ్లముందు ఆడింది. దాన్నే పట్టుకోవాలని పళ్లు బిగించి ఉరికింది.

నెగ్గింది. గడువు ఇంకా మిగిలుండగానే నెగ్గింది.

కోవా డబ్బా పట్టుకుని నేరుగా ఇస్సాకు సార్ ఇంటికి వెళ్లింది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని తృప్తిగా తలూపాడు.

భవానికి ఇంకొక్క తీపి మిగిలి ఉంది. అది ఆయన నోటనే వినాలి.

"ఆ ఆళ్లగడ్డ పిల్ల పరీక్షలో కనపల్లేదే సార్?"

"సంధ్యా? యాడ కనపడ్తాది? ఆయమ్మి పోలీసు ఉద్యోగానికి పెట్టుకోనేలేదు."

"మరి దినామూ నాతో పోటీకెందుకొచ్చినట్టు?"

"పోటీ ఏందీ? నేనే పిలిపించినా. నీకంటే రవ్వంత ముందర పరిగెత్తమన్యా, దినదినానికీ రవ్వంత బేగా. చెప్పింటే, ఎట్లా నాకోసమే కదా పరిగెత్తేది అని నువ్వు మెత్తబడిపోతావు. అందుకే చెప్పల్యా."

భవాని చేతిలోని డబ్బా బరువెక్కింది.

"ఇప్పుడు యాడుంది సార్?"

"ఇంట్లోనే. కాలికి కట్టు."

"ఎట్లా పడిందంట?"

ఇస్సాకు సార్ కిటికీలోంచి బయటకు చూశాడు.

"కంకర మీద నేనే జారినా సార్ అనింది. నిరుడు పరుగులో రాష్ట్రమంతటికీ మొదట వచ్చిన పిల్లమ్మా, పోయిన ఆదివారం ఇండియా టీముకు ఎంపిక జరిగితే పోలేకపాయ."