టోర్గెర్ రాయి

“మా తాత ఫోటో తీసుకెళ్ళి వెనక గదిలో తగిలిస్తావా?” మ్యూజియం గుమ్మంలోంచే అరిచాడు ఆస్లక్.

మేకు కొడుతున్న యోరున్ సుత్తి పక్కన పెట్టింది. నార్వే తీరంలోని ఆ చిన్న ఊళ్ళో మ్యూజియానికి అధికారీ ఆమే, ఊడ్చేదీ ఆమే. మర్నాడే పాత ఫోటోల, సముద్రపు మ్యాపుల ప్రదర్శన.

“అది కాదండీ ఆస్లక్ గారూ, ఆ గదిలో పెట్టినవన్నీ...”

“ఏం పెట్టావో చూశాలే! విరిగిన తెడ్లూ, తుప్పుపట్టిన లంగర్లూ. వాటి మధ్యనా మా తాత?”

ఆస్లక్ ఎవర్నీ మాట పూర్తిచెయ్యనివ్వడు. పోస్టాఫీసులో ఉన్నన్నాళ్ళూ జనం స్టాంపుల కోసం నిలబడి అతని గొప్పలు విన్నారు. రిటైరయ్యాక ఎక్కడ దొరికిపోతే అక్కడే వింటున్నారు.

ఆ ఫోటోలో టోర్గెర్ తాత సముద్రంలో ఒక రాయి మీద నిటారుగా నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఎవరో ఓడ మీంచి తీసింది. పక్కనే ఆనాటి మ్యాపు. అందులో ఒక చుక్క, చుక్క పక్కన సన్నటి అక్షరాల్లో ‘టోర్గెర్ రాయి’.

“ఆ ఠీవి చూడమ్మా! సముద్రాన్ని లొంగదీసి, దాని నెత్తిన నిలబడ్డట్టు లేడూ? మ్యాపులోకెక్కిన పేరు ఈ ఊళ్ళో ఇంకెవరింట్లో ఉంది?”

“చాలామంది ఇళ్ళలోనే ఉందండీ. అసలు రాళ్ళకి ఆ పేర్లు ఎందుకొస్తాయంటే...”

“గొప్పవాళ్ళకిచ్చే గౌరవం. నాకు చెప్పొస్తున్నావా? ముందు గదిలో, గుమ్మానికి ఎదురుగా పెట్టు.”

“అక్కడ పెడితే రేపు వచ్చినవాళ్ళు నవ్వుతారండీ.”

ఆస్లక్ మొహం కందగడ్డయింది. రేపు ఊరంతా వస్తుంది. వాళ్ళ ముందు తాత పక్కన నిలబడి మాట్లాడాలని కొత్త కోటు కూడా కుట్టించుకున్నాడు.

“నవ్వుతారా? సరే, ఇప్పుడే వెళ్ళి అదే రాయి మీద, అలాగే నిలబడి ఫోటో తెస్తాను. అప్పుడు తాత, ఇప్పుడు మనవడు. పక్కపక్కన పెట్టు. ఎవడు నవ్వుతాడో నేనూ చూస్తాను!”

“ఒక్కరే వెళ్ళకండి బాబూ, అక్కడ నీళ్ళ కింద...”

“నా ఒంట్లో పారేది నావికుల రక్తం!” అంటూ పాత మ్యాపు నకలొకటి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రక్తానికి పడవెక్కితే కడుపులో తిప్పుతుందన్న సంగతి అతనికీ, అతని భార్యకీ తప్ప ఎవరికీ తెలియదు. అదృష్టం కొద్దీ ఆ రోజు సముద్రం చెరువులా ఉంది. ఆస్లక్ ఒక చేత్తో చిన్న మోటారు పడవ నడుపుతూ, రెండో చేత్తో మ్యాపు పట్టుకుని, రేపటి ఉపన్యాసం గట్టిగా వల్లె వేసుకుంటూ పోయాడు. కొంగలాంటి నల్లటి పక్షులు వాలి ఉన్న తాత రాయి దూరంగా కనిపించేసరికి గొంతు ఇంకా పెంచాడు.

“ఈ సముద్రంలో మా వంశానికి తెలియని రాయి లేదు!” అన్నాడో లేదో, పడవ అడుగున దభీమని మోగింది.

చెక్క పగిలి నీళ్ళు బుసబుసా లోపలికొచ్చేశాయి. ఆస్లక్ లబోదిబోమంటూ కిందికి దూకాడు. కాలికింద రాయి, మడమల లోతు నీళ్ళు. పడవ రాయి మీంచి జారి, ఫోనుతో పాటే మునిగింది. పోటు మొదలై నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. ఒడ్డున ఎవరికైనా కనబడాలని కుడిచెయ్యి ఎంత ఎత్తగలడో అంత ఎత్తి నిలబడ్డాడు. చెయ్యి లాగేస్తోంది, దించితే ఎవరూ చూడరేమోనని భయం. సరిగ్గా అప్పుడే మనసులో ఒక పాడు అనుమానం మెదిలింది. ఛ, తాత అలాంటివాడు కాదు, అనుకున్నాడు.

నీళ్ళు తొడల దాకా వచ్చాక మాగ్నార్ చేపల పడవ వచ్చింది. ఆస్లక్‌తో బళ్ళో చదివినవాడే. ముందువైపు యోరున్ నిలబడి ఉంది. మ్యూజియం కిటికీలోంచి అంతా చూసి, మాగ్నార్‌ని పరుగెత్తించుకొచ్చింది.

ఇద్దరూ కలిసి లాగితే ఆస్లక్ పడవలో పడ్డాడు. మాగ్నార్ దుప్పటి కప్పి వేడి కాఫీ చేతిలో పెట్టాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఆస్లక్ నోట మాట రాలేదు. యోరున్ ఆ అవకాశం వదులుకోలేదు.

“ఇప్పుడైనా నన్ను చెప్పనివ్వండి. మన తీరంలో ఏ రాయికైనా, దాన్ని మొదట గుద్దుకున్నవాళ్ళ పేరే పెడతారు. మీ తాతగారు ఆ ఫోటోలో చెయ్యెత్తింది రక్షించమని. ఆ వెనక గది పడవ ప్రమాదాల గది. పొద్దుట్నించీ ఇదేనండీ నేను చెప్పబోయింది.”

ఆస్లక్ కాఫీ ఒక గుక్క తాగాడు. తర్వాత దుప్పట్లోంచి కిసుక్కుమని నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు.

“బాగుంది. జీవితమంతా నా మొద్దుతనం ఎక్కణ్ణించి వచ్చిందా అనుకునేవాణ్ణి. పోన్లే, తాతకి తోడు ఇంకో మొద్దు కూడా ఉన్నాడుగా. చెప్పరా మాగ్నార్, ఇప్పుడు నన్ను ముంచిన ఈ రాయి ఏ మహానుభావుడిది?”

మాగ్నార్ తల గోక్కున్నాడు.

“దీనికి పొద్దుటిదాకా పేరు లేదురా.”