తాళం తిప్పని బండి

"సార్, ఆ బండి మాత్రం స్టార్ట్ చేయొద్దండి!"

డీలరు ఏకాంబరం కొత్త ట్రాక్టరుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. చెన్నై నుంచి షోరూము తనిఖీకి వచ్చిన కంపెనీ ఆఫీసరు సుందరరాజులు అప్పటికే సీటెక్కి కూర్చున్నాడు. ఆయన చెయ్యి తాళం మీద ఆగింది.

"ఏమయ్యా, ఎందుకు?"

"ఒకాయన బుక్ చేసుకోనుండాడు సార్. తిరుత్తణి కొండకి తీసుకపోయి పూజ చేయించినాకే తాళం తిప్పాలని మొక్కుకోనుండాడు."

"అట్లయితే లారీలోంచి ఈడికెట్లొచ్చింది? నువ్వూ మీ ఆవిడా ఎత్తుకోనొచ్చినారా?"

ఏకాంబరం నుదుటి విభూతి చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది. ఆ బానెట్టు కింద డీజిల్ పంపు లేదు. మొన్న తనే విప్పి తీసుకుపోయి పక్క ఊరి సెల్లమ్మ ట్రాక్టరుకు బిగించి వచ్చాడు. కొత్త బండిలోంచి ఒక్క బోల్టు తీసినా డీలర్‌షిప్ రద్దని కంపెనీ రూలు. తాళం తిప్పితే ఇంజను పలకదు. సాయంత్రానికి వాకిలి మీది బోర్డు దిగిపోతుంది.

భార్య వరదమ్మ మజ్జిగ గ్లాసు ఆఫీసరు చేతికిచ్చి మొగుడి వైపు తిరిగింది. "సుబ్రమణ్యసామిని ఎందుకు లాగుతావు మధ్యలోకి? ఉండేది ఉన్నట్టు చెప్పేయి."

"నువ్వు గమ్మునుండు."

"నేను గమ్మునుంటే సామి గమ్మునుంటాడా?"

ఏకాంబరం తల దించుకున్నాడు. "పంపు తీసేసినా సార్. సెల్లమ్మక్క బండి ఈ ఆడి నెలలో, సరిగ్గా నాట్లప్పుడు, మడి మధ్యలో నిలిచిపోయింది. నారు పీకి గట్టు మీద పెట్టుకోనుండాది. పంపు కోసరం మీకు దినమ్మూ ఫోన్ చేస్తిని. 'వస్తాది, వస్తాది' అంటిరి. పీకిన నారు ఆ మాట వినుకోని బతుకుతుందా సార్? బండి అమ్మింది నేను. ఆయమ్మ వచ్చి నా వాకిట్లో కూర్చుంటే ఏమని చెప్పేది?"

"రూలు తెలుసు కదా?"

"తెలుసు సార్. పార్టు తీసినోడికి రూలుండాది. పార్టు పంపనోళ్లకి ఏమన్నా ఉండాదా అనేదే నాకు తెలీదు."

  సుందరరాజులు మజ్జిగ పూర్తిగా తాగి, బండి దిగి, బయట కారు డిక్కీ తెరిచాడు. గోనెపట్టాలో చుట్టిన బరువైనదేదో ఎత్తుకొచ్చి ఏకాంబరం ముందర దించాడు.

పట్టా విప్పితే డీజిల్ పంపు.

"మీ... మీకెట్ల తెలిసె సార్?"

"దినమ్మూ ఫోన్ చేసి నా ప్రాణం తీసేవాడివి. మొన్నట్నించి సద్దే లేదు. నీకు పంపు దొరికిందని అప్పుడే అర్థమైంది. యాడ దొరికుంటాదో కూడా అర్థమైంది." ఆయన నవ్వాడు. "నీ నోటితో చెప్తావేమోనని బండెక్కినా. రేపు మా పెద్దాఫీసరు వస్తాడు. అంతలో బిగించెయ్."

వరదమ్మ తిరుత్తణి కొండ వైపు తిరిగి చెంపలేసుకుంది. ఏకాంబరానికి ఇప్పటికి ఊపిరి తిన్నగా ఆడింది. పంపును అటూ ఇటూ తిప్పి చూశాడు. తళతళలాడుతోంది.

"అయితే గోడౌనుకి స్టాకు వచ్చేసిందా సార్?"

"యాడి స్టాకు?" సుందరరాజులు వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మా హెడ్డాఫీసులో అద్దాల వెనక షోకి నిలబెట్టిన బండిదయ్యా ఇది. దాన్నెవురూ స్టార్ట్ చేసి చూడరు."