ఆరని బ్యాటరీ లైటు

"మళ్ళీ వెలిగింది. నువ్వే చూడు" అంటూ జగన్నాథరావు ఇంజను ఆపకుండానే కారు దిగాడు.

తెనాలిలో జాన్ బాబు ఆటో ఎలక్ట్రికల్ షాపు అది. చెరుకుపల్లిలో ఎరువుల కొట్టు నడిపే జగన్నాథరావు, మొదటి కారు కొన్నప్పటి నుంచీ వైరింగు పని ఏదున్నా ఇక్కడికే తెస్తాడు. పోయిన నెల బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు మార్చింది కూడా జాన్ బాబే. నిన్నటి నుంచి మీటర్ల మధ్య ఎర్రగా బ్యాటరీ లైటు.

జాన్ బాబు బానెట్ ఎత్తి బ్యాటరీకి మీటరు పెట్టాడు. హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్ళీ చూశాడు. సీట్లో కూర్చుని డాష్‌బోర్డు కేసి చూశాడు.

"ఛార్జింగు బాగానే వస్తోంది బాబాయ్‌గారూ. లైటేం లేదండి."

"ఇక్కడికి రాగానే ఆరిపోయిందా?"

"వైరు లూజయితే అలా వచ్చి పోతుందండి. అన్నీ బిగించాను."

తెనాలి దాటకముందే మళ్ళీ ఎరుపు. జగన్నాథరావుకు అనుమానం మొదలైంది. పాత ఆల్టర్నేటరునే తుడిచి బిగించాడేమో. అందుకే ఒప్పుకోవడం లేదు.

నేరుగా రేపల్లె పోయి సీమోను అనే కుర్ర మెకానిక్కుకు చూపించాడు. జాన్ బాబు పేరెత్తలేదు.

"ఆల్టర్నేటరు కొత్తదేనండి. కంప్లెయింటేం లేదు" అన్నాడు సీమోను.

"నువ్వు పని ఎక్కడ నేర్చుకున్నావ్?"

"తెనాలిలోనండి. జాన్ బాబన్న దగ్గర."

ఇక అడగాల్సిందేమీ లేదనిపించింది. బయటికొచ్చి జాన్ బాబుకు ఫోను చేశాడు.

"గురువూ శిష్యుడూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా?"

"అదేంటి బాబాయ్‌గారూ, మీరు పంపిన బళ్ళతోనే కదండీ నా షాపు నిలబడింది. మిమ్మల్ని మోసం చేస్తానా?"

"నా కళ్ళతో నేను చూస్తున్నానయ్యా."

జగన్నాథరావు ఫోను పెట్టేశాడు. ఆయన అనుమానం రూఢి అయిపోయింది. చెరుకుపల్లి సెంటర్లో కారాపి, తెలిసిన ట్రాక్టర్ల వాళ్ళందరికీ చెప్పాడు, జాన్ బాబు పాత సామాను బిగిస్తున్నాడని. వాళ్ళు నమ్మారు. ఆయన మాటంటే ఊళ్ళో గురి.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. భార్య రాఘవమ్మ గుమ్మంలోనే ఉంది.

"షుగరు మాత్ర వేసుకుని వెళ్ళిన మనిషి ఇంతసేపు తినకుండా తిరిగితే ఎట్లాగండీ?"

ఆయన జరిగిందంతా చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

"జాన్ బాబు అట్లాంటోడు కాదండీ. ఇన్నేళ్ళు చూశాం."

"నీకు తెలీదులే. రేపు పోలీసు స్టేషన్లో తేలుస్తా."

కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఆవిడ వేడి వేడిగా వడ్డించి, పప్పు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆయన కంచంలోకి వంగి చూశాడు.

తెల్లటి అన్నం మీద కూడా ఆ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.