గులాబీ మొక్క కేసు

"రిపోర్టులో పైవాటా ఆవిడ పేరు రాశావా లేదా?" అంది అమ్మ, నేనింకా చెప్పులు విప్పకముందే.

విషాలు కనిపెట్టే ల్యాబులో నా ఉద్యోగం. ఎండిపోతున్న తన గులాబీకి పైవాటా ఆవిడే ఏదో పోసిందని అమ్మ అనుమానం. అందుకే కుండీలోని మట్టిని డబ్బాలో పెట్టి నాతో పంపింది.

"కలుపుమందు లేదు, యాసిడ్ లేదు. ఆవిడేం పోయలేదమ్మా."

"అయితే నీ మిషనే పాడైపోయుంటుంది."

"మిషన్‌కి ఒకటి దొరికిందిలే. అది మట్టిలో ఉండాల్సింది కాదు, మనిషిలో ఉండాల్సింది."

సోఫాలో నాన్న చేతిలోని పేపరు మెల్లగా మొహానికి అడ్డం వచ్చింది.

"నాన్నా, మన గులాబీకి బీపీ ఎప్పట్నుంచి?"

"ఆ మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయే," అని పేపరు వెనకనుంచి సన్నగా వినిపించింది.

"ఆ ముక్క నాతో అనొచ్చుగా! డాక్టరు మార్చి రాసేవాడుగా!" అని అరిచిన అమ్మ, అంతలోనే గొంతు తగ్గించి నావైపు తిరిగింది.

"రోజూ పొద్దున్నే దాని దగ్గర నిలబడుతుంటే, నా మొక్కంటే ఈయనకెంత ప్రేమో అని మురిసిపోయానే!"

పేపరు ఇంకాస్త పైకి లేచింది.